యాదగిరన్న చెప్పిన అర్ర

కంప్యూటర్ డబ్బా మూత తీస్తే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఇవాళ మా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియోలో ఆ వాసన తగలగానే యాదగిరన్న గుర్తొచ్చాడు. యూసుఫ్‌గూడ నుంచి వచ్చి మా కంప్యూటర్లన్నీ చూసుకునేవాడు. ఆయన చనిపోయి రెండేళ్లయింది. డిస్కులో భాగాలు పెంచడం, తగ్గించడం నాకు నేర్పింది ఆయనే. నేర్పాడనడమే గాని, నాకు వచ్చిందని మాత్రం చెప్పలేను.

నేను కాకినాడ దాన్ని. చేరిన కొత్తలో మా కంప్యూటర్లను నడిపే లినక్స్ ఒక అయోమయమైతే, యాదగిరన్న మాట ఇంకో అయోమయం. ఏం చెప్పినా తలూపేదాన్ని. అర్థం కాలేదంటే, ఇదెక్కడి మొద్దు అనుకుంటారని భయం.

ఒక మధ్యాహ్నం చోటు లేదంటూ కంప్యూటర్ మొరాయించింది. డిస్కులో రెండు భాగాలు. చిన్నది కంప్యూటర్ నడవడానికి, పెద్దది రికార్డు చేసిన గొంతులకు. చిన్నది నిండిపోయింది, పక్కదాన్ని తగ్గించి దీనికి చోటివ్వాలి. పెద్దదాంట్లో సరస్వతమ్మ గారు ఒక సినిమాకు చెప్పిన డబ్బింగ్ ఉంది, ముందురోజే ముగించారు. ఆ ఉదయమే ఆవిడ గొంతు ఆపరేషన్‌కి వెళ్లారు. మళ్లీ అదే గొంతు వస్తుందని డాక్టర్లు చెప్పలేదు. మేమేమో ఆ ఫైళ్లకు ఇంకా నకలు తీయలేదు. ఫోన్ చేస్తే యాదగిరన్న ఎర్రగడ్డ మార్కెట్లో ఉన్నాడు. చుట్టూ ఒకటే గోల.

“గొంతులది అర్ర జర తగ్గియ్యి. ముందుగాల సామాన్ లోపటికి జరుపు, ఎన్క గోడ జరుపు. సమజైందా?”

“ఆఁ, అయిందన్నా.”

మాకు అర అంటే సగం. ‘జర’ బతిమాలే మాటనుకున్నాను. సామాను జరపమన్నది అక్కడెవరో బండివాడితో అనుకున్నాను. గోడంటే భాగం హద్దని మాత్రం పోల్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఫైళ్లను లోపలికి కుదించకుండానే ఆ భాగం హద్దును సగానికి తెచ్చి పెట్టాను. ఇక అది తెరుచుకుంటే ఒట్టు. మళ్లీ యాదగిరన్నకే ఫోన్ చేశాను.

కూరగాయల సంచితోనే యాదగిరన్న పరుగున వచ్చాడు. జరిగింది చెప్పాను.

“అర్ర అంటే ఏందనుకున్నవ్ బిడ్డా?”

“సగం.”

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. “అర్ర అంటే గది, జర అంటే కొద్దిగ. సామాన్ సర్దకముందే నడుమ గోడ కట్టినవ్. సామాన్ యాడికి పోలే, గోడవతల ఉన్నది. ఇంకేమన్న ముట్టినవా?”

“లేదన్నా.”

“గదే మంచిగైంది.”

పాత హద్దు అంకెలు ఇంకా తెర మీదే ఉన్నాయి. వాటిని చూసి హద్దును మునుపటి చోటికే జరిపాడు. భాగం తెరుచుకుంది. అంత తేలిగ్గా పోయి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకిప్పటికీ సరిగా తెలియదు. నమ్మకం కుదరక సరస్వతమ్మ గారి చివరి ఫైలు వినిపించమన్నాను. కాస్త దగ్గు, కాగితాల చప్పుడు. తర్వాత ఆవిడ డైరెక్టరుతో అంటున్నారు: “ఈ మాట నాకర్థం కాలేదు బాబూ. ఇంకోసారి చెప్పండి.”

ఏడ్చేశాను. యాదగిరన్న ఫైలు ఆపాడు.

“ఇన్నవా? నలభై ఏండ్ల సంది డబ్బింగ్ చెప్తున్న తల్లి అడుగుతున్నది. నిన్నగాక మొన్నొచ్చినవ్, నీకు అడగనీకి నామోషీనా?”

ఆవిడ అసలు గొంతు జనం విన్నది ఆ సినిమాలోనే ఆఖరు. నేను మాత్రం ఆ రోజు నుంచి సిగ్గు విడిచి అడుగుతున్నాను. మొన్న చేరిన కుర్రాళ్లను కూడా అడుగుతాను. యాదగిరన్న చెప్పినవాటిలో అప్పట్లో తలూపి ఊరుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి. అవి మాత్రం ఆయన్నే అడగాలి.