పొద్దున వద్దన్న ప్రసాదం

పక్క ఫ్లాట్ యాదమ్మ ఆంటీ ఈ రోజు ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని, పొద్దున్నే ప్రసాదం తెచ్చి మా తలుపు కొట్టారు. నేను చెయ్యి కూడా చాచలేదు.

"వద్దు ఆంటీ, మధ్యాహ్నం దాకా ఫాస్టింగ్‌లో ఉంటాను. ఆ తర్వాత కూడా గోధుమ రవ్వ, చక్కెర తినను. గ్లూటెన్, కార్బ్స్ మానేశాను."

గ్లూటెన్ అంటే ఆవిడకు తెలియదు. ఉపవాసం తెలుసు. "అట్లనా బిడ్డా" అని గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్లిపోయారు. నా నిగ్రహానికి నేనే మురిసిపోతూ హైటెక్ సిటీలోని ఆఫీసుకు వెళ్లాను.

పన్నెండు కాకముందే మేనేజర్ పుట్టినరోజు కేకు కోశారు. ఆయనే స్వయంగా ముక్క నోటికి అందిస్తే గ్లూటెన్ మాట నోటికి రాలేదు. రెండో ముక్క నేనే తీసుకున్నాను.

సాయంత్రం లిఫ్టు దగ్గర ఆంటీ కనిపించారు. ఆవిడ కోడలిది మా టీమే.

"మా కోడలు ఫోన్ల ఫోటో సూపెట్టింది బిడ్డా, కేకు తింటున్నవ్. ఇగ నీ ఒక్కపొద్దు అయిపోయిందనుకున్న. నీ ప్రసాదం ఎవ్వలకు పెట్టకుండ తీసిపెట్టిన. జర ఆగు, తెస్త."

అది వెటకారమైతే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని. ఆవిడ గొంతులో సంతోషం తప్ప ఏమీ లేదు. తెచ్చిచ్చిన గిన్నె వెచ్చగా ఉంది, మళ్లీ వేడి చేసినట్టున్నారు.

ప్రసాదం మొత్తం తినేశాను. గిన్నె కడిగి పెట్టాను. తిరిగిచ్చేందుకు ఆవిడ తలుపు కొట్టడానికే ముఖం చెల్లడం లేదు. మీరైతే ఏమని ఇచ్చేవారు?