రాయికి రాసిన పసుపు

నిన్న మధ్యాహ్నం భిలాయి స్మృతి నగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. మా మేనకోడలు ఒక ఫొటో పంపింది. పచ్చటి పొలం మధ్య మనిషెత్తున నిలబడ్డ బూడిదరంగు రాయి, దాని మీద అక్కడక్కడా పసుప్పచ్చ మచ్చలు. కింద తన గొంతు కూడా రికార్డు చేసి పంపింది: "మామీ, మమ్మీ చెప్పిన పత్థర్ ఇదే కదా? ఈ పసుపు అమ్మమ్మ రాసిందేనా?" తన అమ్మమ్మ, అంటే మా అత్తగారు, పసుపు రాసేనాటికి ఆ పిల్ల పుట్టి నెలయినా కాలేదు. తనకేం గుర్తుంటుంది? నాకు మాత్రం ఆ వారమంతా ఇప్పటికీ గుర్తే.

తొంభైల చివరి సంగతి ఇది. మా ఆడపడుచు నర్సు చదివి, ఇంగ్లండులో ఒక చిన్న పల్లెటూళ్ళో ముసలివాళ్ళని చూసుకునే హోములో ఉద్యోగానికి వెళ్ళింది. భర్తది ఇక్కడ చరోదా యార్డులో రైల్వే ఉద్యోగం. ఆమె సెలవుకొచ్చి తిరిగి వెళ్ళేసరికి కడుపుతో ఉంది. కాన్పుకి భర్తకి సెలవు దొరకలేదు. మా అత్తగారొక్కర్తినీ విమానం ఎక్కించడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఇంగ్లీషులో అక్షరాలు తప్ప మాటలు రాని నన్ను ఆవిడకి తోడిచ్చి పంపారు. హోము యజమానురాలు పెద్దావిడ, పొడుగ్గా, నిటారుగా ఉండేది. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. హోము పైన మేముంటున్న రెండు గదులూ ఆవిడవే. ఆ ఉద్యోగం ఉంటేనే మా ఆడపడుచుకి ఆ దేశంలో ఉండడానికి పర్మిషను. అందుకని మేడమ్ మెట్లెక్కి వస్తున్న చప్పుడు వింటే చాలు, మా ఆడపడుచు పోపు వాసన పోవాలని కిటికీలు తెరిచేసేది.

ఊరు ముచ్చటగానే ఉండేది. రాతి ఇళ్ళు, గోడల మీద పూలు, రోడ్డు మీద మనిషన్నవాడు ఉండడు. భిలాయిలోలా స్టీలు ప్లాంటు సైరను లేని ఊళ్ళో జనానికి ఎప్పుడు లేవాలో ఎలా తెలుస్తుందని అత్తగారు రోజూ అడిగేది. కాని ఆవిడ అసలు దిగులు వేరు. పిల్ల సరిగా పాలు తాగేది కాదు. రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకునేది. డాక్టరు ఏం ఫరవాలేదన్నాడు. అత్తగారు ఆ మాట నమ్మలేదు.

ఒక ఆదివారం మేడమ్ మమ్మల్ని తన కార్లో చుట్టుపక్కల పాత కట్టడాలు చూపించడానికి తీసుకెళ్ళింది. ముందు ఒక కోట. సగం గోడలే ఉన్నాయి. "కప్పు ఏయించుకోలేనోలు మనకేటి సూపిస్తారే," అని అత్తగారు నా చెవిలో అంది. తర్వాత చర్చి. లోపల నేల మీద పరిచిన బండలన్నీ సమాధులేనని మా ఆడపడుచు చెప్పగానే ఆవిడ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి నిలబడిపోయింది, కాలు లోపల పెట్టలేదు. ఆఖర్న ఈ రాయి. ఎన్నో వేల ఏళ్ళ కిందట ఎవరో నిలబెట్టారట. పిల్ల ఏడుస్తోందని ఆడపడుచు కార్లో ఉండిపోయింది. మేడమ్ గేటు దగ్గర పొలం ఆయనతో మాట్లాడుతోంది. మేమిద్దరమే రాయి దగ్గరికి నడిచాం. పక్కన బోర్డుంది. ఏం రాసుందో నాకు అర్థం కాలేదు.

అత్తగారు రాయిని చూసి ఆగిపోయింది. రాతికి అటూ ఇటూ పసుపు రంగు. నేనూ పసుపే అనుకున్నాను. "సూసేవా? ఎవులో అమ్మోరికి ముందే రాసేరు. పాపం, ఒకమూల రాసి ఒగ్గేసేరు," అంటూ రొంటిన ఉన్న పసుపు పొట్లం తీసింది. విజయనగరం నుంచి భిలాయి వచ్చినప్పుడూ, భిలాయి నుంచి అక్కడికి వచ్చినప్పుడూ ఆ పొట్లం ఆవిడ నడుముకే ఉంది. రాతి గుంటలో నిలిచిన వాన నీళ్ళతో కలిపి, నేను చుట్టూ చూసేలోపు, రాయి ముందువైపంతా మెత్తేసింది. కుంకుమ కోసం చెయ్యి పెట్టేసరికి వెనక అడుగుల చప్పుడయింది.

మేడమ్ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కాసేపు చూసి, కారు వైపు నడిచింది.

రాత్రి భోజనాల వేళ ఆడపడుచు కింద మేడమ్ దగ్గర్నుంచి మొహం పాలిపోయి వచ్చింది. "అరే అమ్మా, ఏటి చేసేవు నువ్వు? అది మందిర్ కాదు. ఆ పసుప్పచ్చది నాచులాగ రాతి మీద పెరిగేదట. శనివారం సర్కారు మనుషులు చూడ్డానికొస్తారు. ఊరి తరఫున ఆ రాయి మేడమ్ పూచీ. అప్పటికి పోకపోతే నా పేరు చెప్పక తప్పదంది. నౌకరీ పోతే ఈ పిల్లనెత్తుకుని ఎక్కడికెళ్తాను?"

అత్తగారు అన్నం కలపడం ఆపేసింది.

తెల్లారగానే ఆడపడుచు సబ్బుపొడి కలిపిన బకెట్టు పట్టుకుని, మాతో చెప్పకుండా పొలానికి పరిగెత్తింది. పిల్లని బండిలో తోసుకుంటూ మేం వెనక చేరేసరికి రాయి ఎర్రగా, గాయం తగిలినట్టు కారుతోంది. భిలాయిలో పుట్టి హిందీలో పెరిగిన ఆడపడుచుకి, పసుపుకి సున్నం తగిలి పారాణి అయినట్టే సబ్బు తగిలినా ఎర్రబడుతుందని ఎవరు నేర్పారు? "పసుపు మీద సబ్బేటే, నా తల్లీ," అని అత్తగారు బకెట్టు లాక్కుని, ఉత్త నీళ్ళు పోసి పోసి మళ్ళీ పసుపు రంగుకి తెచ్చింది. ఎంత కడిగినా ఆ పసుపుని అక్కడి నుంచి కదిలించలేకపోయాం. "ఇంకేటీ రుద్దకండి. ఎండొక్కటే దీన్ని పట్టికెల్తాది. సీరకంటితే మేడ మీద ఆరెయ్యమేటి?"

నిజమే. కాని అది భిలాయి కాదు. మన మే నెల ఎండ ఒక్క పూట కాస్తే చాలు, రాయి కూడా వెలిసిపోతుంది. అక్కడ మూడు రోజులు మబ్బు, ముసురు. జీవితమంతా ఎండని తిట్టిన మనిషి కిటికీ దగ్గర స్టూలేసుకుని కూర్చుంది. పాలు తాగని పిల్ల ఒడిలో, కళ్ళు ఆకాశం మీద. ఆడపడుచు సూట్‌కేసు మంచం కింద నుంచి బయటికి తీసి మళ్ళీ లోపలికి తోసింది. నేను పొద్దున్నా సాయంత్రం పిల్లబండి తోసుకుంటూ పొలం దాకా వెళ్ళి చూసొచ్చేదాన్ని. "ఎలా ఉంది?" అని అత్తగారు అడిగితే "అలాగే ఉంది" అని బండి మూలకి తోసేదాన్ని. గురువారం మబ్బు విడింది. శుక్రవారం పొద్దుపోయేదాకా ఎండ కాసింది.

శనివారం ఇద్దరు మనుషులొచ్చారు. మేం ముగ్గురం గేటు బయట నిలబడ్డాం. ఒకాయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, రాతి మీద పసుప్పచ్చగా ఉన్నచోట వేలు పెట్టాడు. నా చెయ్యి పట్టుకున్న ఆడపడుచు గోళ్ళు దిగబడ్డాయి. ఆయన ఏదో అన్నాడు, మేడమ్ తలూపింది, వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు. మేడమ్ మా దగ్గరికొచ్చి చెప్పిన మాటలు ఆడపడుచు తర్వాత మాకు చెప్పింది: "ఆయన చూపించింది నాచునే. కొన్ని వందల ఏళ్ళదట, జాగ్రత్తగా చూసుకొమ్మన్నాడు. సోమవారం నుంచి డ్యూటీకి రా. మీ అమ్మని మాత్రం రాయి దగ్గరికి రానివ్వకు."

అది విని అత్తగారు, "ఇన్నేల ఏల్లుగా తల్లికి ఎవులూ సెంబుడు నీలైనా పొయ్యలేదేటి?" అని గేటు వైపు జాలిగా చూసింది. ఆ మధ్యాహ్నం పిల్ల కడుపు నిండా పాలు తాగింది. డాక్టరు వల్లో, ఎండ వల్లో నేను చెప్పలేను. అత్తగారికి మాత్రం అనుమానం లేదు.

ఇప్పుడు ఆవిడ లేదు. ఆవిడ రాసిన పసుపు రెండు ఎండలకే పోయిందని నేను కళ్ళారా చూశాను. అదే మేనకోడలికి చెబుదామని ఫొటోని వేలితో పెద్దది చేశాను. చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళ దూరం నుంచి చూస్తే రెండు పసుపులదీ ఒకటే రంగు.