అంకె పక్కన ఇంకో అంకె

ఆంబూరులో ఒక బూట్ల ఫ్యాక్టరీలో కుట్లు సరిగ్గా పడ్డాయా లేదా అని చూడడం నా పని. పొద్దున్నుంచి తప్పులు వెతికిన కళ్లు సాయంత్రమైనా ఊరుకోవు. ఒకరోజు గుడియాత్తం బస్సులో కండక్టరు ఇచ్చిన చిల్లరలో ఒక ఐదు రూపాయల నాణెం మీద సంవత్సరం అంకెలు రెండేసి ఉన్నట్టు కనిపించాయి. ప్రతి అంకెకూ పక్కనే నీడలా మరో అంకె.

ఇంటికొచ్చి ఫోనులో వీడియోలు చూశాను. అచ్చు తయారుచేసేటప్పుడే దానిమీద బొమ్మ రెండుసార్లు పడితే, ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నీ అలాగే వస్తాయట. సేకరించేవాళ్లు వాటికోసం ఎగబడతారట. ఆదివారం వేలూరు బజారుకు వెళ్లి, పాత నాణేలు అమ్మే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయనదీ తెలుగే. భూతద్దం పెట్టి ఒక్క నిమిషం చూశాడు.

"ఇది అచ్చులో తప్పు కాదప్పా. కొట్టేటప్పుడు మిషన్‌లో అచ్చు వదులై కొంచెం జరిగింది, అంతే. దీంతో టీ తాగు పో."

నేను తీసుకోబోతుంటే, "రెండు దినాలు నా దగ్గర పెట్టి పోతావా?" అన్నాడు.

"ఎందుకన్నా?"

"ఊరికే, చూపించేదానికి."

ఎవరికో చెప్పలేదు. పనికిరానిదైతే ఈయన తన దగ్గర ఎందుకు పెట్టుకోవాలి? నాణెం జేబులో వేసుకుని, బస్సెక్కేదాకా దానిమీంచి చెయ్యి తీయలేదు. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని రెండుసార్లు తిరిగి చూశాను. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పకుండా పప్పు డబ్బాలో దాచాను. మర్నాడు అక్కడా నమ్మకం చాలక చోటు మార్చాను.

చివరికి మా అక్క దగ్గరికి తీసుకెళ్లాను. అక్క గుడియాత్తంలోనే లుంగీలు నేస్తుంది. బట్టలో దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఆమె దగ్గరుంది.

"యాడిదిరా ఇది?" అంది.

"బస్సులో వచ్చింది. రెండు అంకెలు ఉండాయా లేదా చూడు."

"అదే సంవత్సరంది ఇంకోటి ఉంటే ఇయ్యి."

దాన్ని కూడా వెతికి తెచ్చే ఉన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"నాయనా, రెండు అంకెలు పడుంటే మొత్తం లావు కావాల కదా? దీంట్లో అంకె సన్నంగా ఉండాది. దాని ఒంట్లోంచే పక్కకు నెట్టినట్టు, మెట్టు మాదిరి చదునుగా ఉండాది."

ఆ మాట వినగానే, నేను చూడని క్షణంలో నాణేన్ని మార్చేసిందేమోనని ఆమె గుప్పిట వైపు చూశాను. అక్క గమనించింది. రెండు చేతులూ తెరిచి మగ్గం మీద పెట్టింది.

సిగ్గుతో భూతద్దంలోకి వంగాను. ఆమె చెప్పింది నిజమే. నేను రెండో అంకె అనుకున్నది తళతళలాడే ఒక పల్చటి మెట్టు. అసలు అంకె ఆ మేరకు తరిగిపోయి ఉంది. "తప్పైంది అక్కా" అన్నాను. ఆమె తలెత్తకుండా నేత మొదలుపెట్టింది. అన్నం తినమని ఆరోజు అడగలేదు.

తరువాతి ఆదివారం పెద్దాయన దగ్గరికి వెళ్లి ఆయన మాటే నిజమైందని చెప్పాను. ఆయన కాగితం పొట్లంలోంచి నిజంగా అచ్చులోనే తప్పు పడిన ఒక విదేశీ నాణెం తీసి, అంచుల్ని రెండు వేళ్లతో పట్టుకుని భూతద్దం కింద చూపించాడు. అక్షరాలు లావుగా ఉన్నాయి. అసలు గీత, దాని పక్క గీత రెండూ ఉబ్బెత్తుగా లేచాయి. ప్రతి అక్షరం మూలలోనూ చీలినట్టు చిన్న నొక్కు ఉంది. మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేకుండా తేడా తెలిసిపోయింది.

"ఒకసారి చేతికివ్వు అన్నా."

"వద్దప్పా. నువ్వు నన్ను నమ్మలేదు గదా, నేను మాత్రం ఎందుకు నమ్మాల?"

కోపంగా అనలేదు. నా మాదిరి దినానికొకరు వస్తారనీ, రెండు రకాలూ పక్కపక్కన చూపిస్తే జగడం ఉండదనీ, అందుకే నా నాణెం అడిగాననీ చెప్పాడు. ఇచ్చేశాను. బదులుగా ఆయన గల్లాపెట్టెలోంచి ఇంకో ఐదు రూపాయల నాణెం తీసి ఇచ్చాడు. జేబులో వేసుకునే ముందు దాన్ని వెలుతురుకు తిప్పి చూస్తుంటే, పెద్దాయన నవ్వి తన పొట్లం గట్టిగా మడిచి లోపల పెట్టుకున్నాడు.