భీమయ్య దాచిన పొట్టేళ్లు

కొల్లేటి గట్టున గొర్రెలు కాసుకునే భీమయ్య పిల్లికి కూడా బిచ్చం పెట్టేవాడు కాదు. తప్పంతా అతనిదే అంటే మాత్రం నేనొప్పుకోను. ఊళ్లో ఏ ఆఫీసరు దిగినా పని సంగతి తర్వాత, ముందు మందలో బలిసిన పొట్టేలు మీద కన్ను పడేది. కాపరి చేతులు కట్టుకుని ఇచ్చుకోవాలి. తెల్లదొరలు పోయినా ఈ మర్యాద పోలేదు; గాంధీ టోపీ పెట్టుకుంది, అంతే.

అందుకని భీమయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బూట్ల చప్పుడు వినబడితే చాలు, మంచి జీవాలన్నీ దోనె ఎక్కి లంకలోకి పోయేవి. దొడ్డిలో కుంటివీ గుడ్డివీ పళ్లూడినవీ మిగిలేవి. వాటిని చూస్తే ఎంతటి ఆఫీసరుకైనా ఆకలి చచ్చిపోయేది. ఈ తెలివిని ఊరంతా మెచ్చుకునేది.

స్వరాజ్యం వచ్చి పదేళ్లు నిండకముందే టీకాలు వచ్చాయి. గొర్రెలకు అమ్మవారు పోయకుండా సూదిమందు వేస్తామంటూ పశువుల కాంపౌండరు దేవసహాయంగారు ఏలూరు నుంచి మందుపెట్టె పట్టుకుని దిగారు. భీమయ్య దండం పెట్టి, ఒక కుంటి గొర్రెను ముందుకు తోశాడు.

“మంద ఇంతేనాండీ? పొట్టేలు ఒక్కటీ లేదేంటి?” అని అడిగారు కాంపౌండరుగారు.

“లేవండీ బాబూ. పొట్టేలు కావాలంటే తవరు పక్కూరెళ్లాలండీ.”

“నేను మాంసం తిననండీ భీమయ్యగారూ. సూది వేద్దామని అడిగాను.”

మాంసం తినని ఆఫీసరును భీమయ్య పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూడనిదాన్ని నమ్మే మనిషి కాదతను. భార్య గంగారత్నం వెనక నుంచి మోచేత్తో పొడిచినా నోరు విప్పలేదు. కాంపౌండరుగారు ఉన్నవాటికే శ్రద్ధగా సూదులు వేసి, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు. సాయంత్రం పొట్టేళ్లు లంక నుంచి దర్జాగా తిరిగొచ్చాయి.

చలికాలంలో మందకు అమ్మవారు పోసింది. భీమయ్య తన చేత్తో గంజి పట్టి పెంచిన పొట్టేళ్లు, మూతి నిండా బొబ్బలతో మేత ముట్టక ఒక్కొక్కటే ఒరిగిపోసాగాయి. అతను ఏలూరు పరుగెత్తాడు.

“రోగం తగులుకున్నాక ఈ మందు పనిచెయ్యదండీ,” అన్నారు దేవసహాయంగారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం! తిరిగొచ్చేసరికి ఆఖరి పొట్టేలూ పోయింది. దొడ్డిలో కుంటివీ గుడ్డివీ మాత్రం నిక్షేపంగా నెమరు వేస్తున్నాయి. భీమయ్య పొట్టేలు మెడ కావలించుకుని పసివాడిలా ఏడ్చాడు. జాలేసింది నాకు. నవ్వూ వచ్చింది, ఎందుకు దాచాలి!

గంగారత్నం పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది.

“ఆయన నిజంగా తినేవోడే అయినా ఒక్కటే కదా మావా పోయేది,” అంది.