నాంచారయ్య ఆఖరి టేపు

గుడివాడలో ఉదయం ఆరింటికి బందరు పాసింజరు ఎక్కాను. సంచిలో టేపు రికార్డరు, బ్యాటరీలు, నాంచారయ్య ఆఖరి టేపు ఉన్నాయి. అతని భార్య సరేనంటే దాన్ని రికార్డుగా వేయాలి. వద్దంటే మా కంపెనీ దగ్గర వేయడానికి ఇంకేమీ లేదు.

ఏడున్నరకి బందరులో దిగి ఇస్మాయిల్ గారి మైకుసెట్ల షాపుకి వెళ్ళాను. అయిదేళ్ళ కిందట ఆ షాపు వెనక గదిలోనే మా కంపెనీ పుట్టింది. హంసలదీవిలో చేపలు పట్టుకునే నాంచారయ్య డప్పు మీద పాడేవాడు కాదు, మాట్లాడేవాడు. దరువు తప్పకుండా, ఎదురుగా ఎవరుంటే వాళ్ళమీద అప్పటికప్పుడు మాటలు కట్టేసేవాడు. పెద్ద కంపెనీ వాళ్ళు "ఇది పాటేమిటండీ?" అని పంపించేశారు. దాంతో ఇస్మాయిల్ గారికి పంతం వచ్చింది. మేమే రికార్డు చేసి, కలకత్తా పంపి అచ్చు వేయించాం. మూడు వచ్చాయి. బంటుమిల్లి నుంచి కోడూరు దాకా పెళ్ళిళ్ళలో అవే మోగాయి. నాలుగోది టేపు మీద ఉండగానే ఉప్పెన వచ్చింది. నాంచారయ్య శవం కూడా దొరకలేదు.

"బలవంతపెట్టకు," అన్నారు ఇస్మాయిల్ గారు టీ గ్లాసు అందిస్తూ. "ఆవిడ ఏమంటే అదే."

ఎనిమిదిన్నర బస్సుకి అవనిగడ్డ వెళ్ళాను. అక్కడ ఇడ్లీ తిని, మరో బస్సులో కోడూరు. దారి పొడుగునా తలల్లేని తాడిచెట్లే. పక్కసీటు పెద్దాయన కిటికీ సీటు నాకిచ్చేశాడు. "మీరు చూడండి బాబూ, నేను చూడలేను," అన్నాడు. కోడూరు నుంచి బస్సు లేదు. గుడిసెలకి తాటాకు తోలుతున్న బండెక్కి, ఒంటిగంట దాటాక హంసలదీవి చేరాను.

నాంచారయ్య భార్య వెంకమ్మ కొత్త గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. వచ్చిన పని చెప్పాను.

"పెట్టండి, వింటాను," అంది.

డప్పు మొదలవగానే ఇరుగుపొరుగు చేరారు. ఎవరో నవ్వారు. వెంకమ్మ కూడా నవ్వింది. అంతలో నాంచారయ్య గొంతు హెచ్చింది.

"వస్తే రావే సముద్రమా, మా వాకిలి కడిగి పోవే!"

వెంకమ్మ చెయ్యెత్తింది. ఆపేశాను.

"ఆ సాయంత్రం కూడా ఇదే అన్నాడు బాబుగారూ. గాలి ముదురుతోంది, పిల్లల్ని తీసుకుని ఊళ్ళో మేడమీదికి పోదామంటే, ఈ మాటే అని నవ్వాడు. నేనూ నవ్వాను. నేను తుమ్మచెట్టు పట్టుకుని బతికాను. పిల్లలిద్దరూ ఆయనతోనే పోయారు."

వల పక్కన పెట్టి లేచింది.

"ఇది పెళ్ళిళ్ళలో మోగకూడదండీ. నాకిచ్చేసి వెళ్ళండి," అంది.

దానికి మరో కాపీ లేదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. టేపు తీసి చేతిలో పెట్టాను. కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అవనిగడ్డ సత్రంలో పడుకుని, మర్నాడు పదింటికి బందరు చేరాను. ఇస్మాయిల్ గారు అంతా విని, "మంచి పని చేశావు," అన్నారు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, బయటి చప్పుడు రాకుండా గోడలకి కట్టిన గోనెపట్టాలు విప్పడం మొదలుపెట్టారు. నేనూ ఒక చెయ్యి వేశాను.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: కోడూరు దాటితే తాగేనీళ్ళు వెంట ఉంచుకోండి. బావులు ఇంకా ఉప్పగానే ఉన్నాయి.

మధ్యాహ్నం గుడివాడ రైల్లో, పెడన దగ్గర ఎక్కిన ఒక మాస్టారు ఏం చేస్తుంటారని అడిగారు.

"గ్రామఫోన్ రికార్డులు వేసేవాళ్ళమండీ," అన్నాను.

ఆ మాట నోటివెంట వచ్చాకగానీ, కంపెనీ అయిపోయిందని నాకు తెలియలేదు.