ఇస్తరి పక్కన బిరడా

ఎనభైల్లో మాట. పావగడ దగ్గర మా అత్తగారి ఊళ్లో వేరుశెనగ ఎండిపోయినా పెద్దల పండగ మానలేదు. బెంగళూరు బీరు ఫ్యాక్టరీలో నేర్చుకున్న బెల్జియం రకం చేదు బీరును మా ఆయన ఇంట్లోనే కాచారు. చనిపోయిన మామగారి ఫొటో ముందు ఇస్తరి వేసి, బీరుసీసా పెట్టి, ఆచారం ప్రకారం గది తలుపు మూసి బయట కూర్చున్నాం.

మిట్టమధ్యాహ్నం. లోపల బుస్సుమంది. తర్వాత గుటకలు వేస్తున్నట్టు చప్పుడు. లోపలెవరని అడగబోయాను.

"పలకొద్దుమ్మా. మీ మామ తాగుతాండాడు," అంది అత్త.

తలుపు తీస్తే సీసా సగం ఖాళీ, చుట్టూ నురగ.

"చక్కెర ఎక్కువేసినానుమా. గ్యాసుకు బిరడా ఎగిరిపోయిండాది," అన్నారు మా ఆయన.

ఆ బిరడా ఇస్తరికి ఎడమ పక్కన నిటారుగా నిలబడి ఉంది.

"మీ నాయన ఎప్పుడూ ఆడనే నిలబెడతా ఉండె," అంది అత్త.

గ్యాసేనని నేనూ నమ్మాను. కానీ మా ఆయన మళ్లీ బీరు కాచలేదు.