అయిదు మూలల నేల

ఎవరింటికి వెళ్లినా ఆయన ముందు వంగుతాడు. కూర్చోమన్నా కూర్చోడు. నేల మీద రెండు టైల్స్ కలిసే చోట బొటనవేలి గోరు పెట్టి మెల్లగా గీస్తాడు. గోరు ఎక్కడా తట్టకపోతే తల ఆడిస్తాడు. తట్టితే అక్కడే ఇంకోసారి గీస్తాడు. ఆస్పత్రి వరండాలోనూ అంతే, బ్యాంకులోనూ అంతే. మొదటిసారి తన పుట్టింటికి వచ్చిననాడు తన ముఖం కన్నా ముందు నేలనే చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన టైల్స్ పరిచే మేస్త్రి. తోటి పనివాళ్లు పెట్టిన పేరు ‘ఎందుకు మేస్త్రి’. తడిసిన సిమెంటు ఎండినదానికన్నా ఎందుకు నల్లగా ఉంటుంది? ఒకే గదిలో, ఒకే నీడలో ఉన్నా టైలు చల్లగా, చాప వెచ్చగా ఎందుకు తగులుతాయి? బకెట్లో దించిన కర్ర నీళ్ల దగ్గర విరిగినట్టు ఎందుకు కనిపిస్తుంది? పని మధ్యలో అడుగుతాడు. ఎవరూ జవాబు చెప్పరు. ఆయన నొచ్చుకోడు. అడగడంతోనే ఆయనకు సగం ఆకలి తీరుతుంది. మళ్లీ తాపీ అందుకుంటాడు.

ఒకసారి టైల్స్ దుకాణంలో నిలబడి ఉండగా ఇంకొకటి తట్టింది. మూడు మూలలవి ఉన్నాయి. నాలుగు మూలలవి సరేసరి. ఆరు మూలలవి గోడ వారగా పేర్చి ఉన్నాయి. అయిదు మూలలవి మాత్రం లేవు. దుకాణదారును అడిగాడు. అడిగినవాళ్లు లేరు కనక తెప్పించలేదని అతను తల ఎత్తకుండానే అన్నాడు.

ఆ మాట ఆయనకు నచ్చింది. ఎవరూ అడక్కపోవడమే కారణమైతే, అడగడానికి తానున్నాడు కదా.

ఇంట్లో వంటగది ఎప్పటినుంచో ఉత్త గచ్చు. ఊరందరి నేలలూ అద్దాల్లా మెరిపించి సొంత ఇంటిని గాలికి వదిలేశాడని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. ఇప్పుడు ఆ గచ్చును ఆయన పగలగొట్టాడు. పొయ్యి ముందుగదిలోకి వచ్చింది. గిన్నెలు మంచం కిందికి చేరాయి. భార్య అన్నీ సంతోషంగానే మోసింది. నలుచదరపు టైల్స్ వస్తాయనుకుంది పాపం.

ఆయనకు పని నేర్పింది ఆవిడ తండ్రే. ఆ పెద్దాయన త్వరలో కూతురింటికి వస్తున్నాడు. పనిలో పెద్దాయనది ఒకటే పట్టు. టైల్స్ మధ్య సందు కనిపించిందంటే చెయ్యి తప్పినట్టే. శిష్యుణ్ణి అల్లుడిగా చేసుకున్నాక కూడా ఆ పట్టు సడలలేదు. అల్లుడు పరిచిన ప్రతి నేల మీదా ఎక్కడో ఒకచోట వేలు పెట్టి చూపించేవాడు. కోప్పడడు, చూపిస్తాడు, అంతే. ఈసారి మామగారు వంటగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, చూపించడానికి ఏమీ దొరక్క ఊరుకోవాలి. ఎందుకు మేస్త్రికి కావలసింది అదొక్కటే.

కాగితం పట్టీని ముడివేసి చదునుగా నొక్కితే అయిదు మూలలు వస్తాయని ఆయనకు తెలుసు. టీ కొట్టు దగ్గర ఊరికే కూర్చున్నప్పుడు వేళ్లకు దొరికిన సంగతి అది. ఆ ముడి కొలతతో అట్ట కత్తిరించి, మిగులు టైల్స్ తెచ్చి కోశాడు. మొదటి రెండూ చక్కగా కలిశాయి. మూడోది కూడా కలిసింది. మూడూ కలిసిన మూల పక్కన సన్నని సందు మిగిలింది. నాలుగోది అందులో పట్టదు.

చెయ్యి తప్పింది అనుకున్నాడు. మళ్లీ కోశాడు. గరుకు రాయితో అంచులు అరగదీశాడు. అరగదీసినకొద్దీ అంచులు నునుపెక్కాయి. సందు కూడా నునుపెక్కింది. చుట్టుగోడల దాకా సిమెంటు లేకుండా పరిచి చూశాడు. నేలంతా సందులే.

పెద్దాయన వచ్చేసరికి అది అలాగే ఉంది. చేతి సంచి ఇంకా దించకుండానే గుమ్మంలో నిలబడి చూశాడు. వేలు ఎత్తాడు. ఎక్కడ చూపించాలో తెలియక దించేశాడు.

“ఏంట్రా ఇది?” అన్నాడు.

“అయిదు మూలలు మావయ్యా.”

“అది కనబడుతూనే ఉంది. కోత నేర్చుకున్నది నా దగ్గరే కదా?”

చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. అట్ట అడిగాడు. తన చేత్తో మూడు కోశాడు. ఆ వయసులోనూ గీత వణకలేదు. మూడూ చేర్చాడు. సందు మిగిలింది. కళ్లజోడు తుడుచుకుని ఇంకో మూడు కోశాడు. అదే సందు. అల్లుడు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గూట్లో ఉండిపోయిన ఉప్పు డబ్బా కోసం లోపలికి వచ్చిన భార్య వాళ్ల వెనక ఆగింది. కాసేపు నేలకేసి చూసింది.

“ఇవి నీ తప్పులు కావు,” అంది మొగుడితో. “నీ తప్పులు నాకు తెలుసు. ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు. ఇవన్నీ చూడు, అచ్చం ఒకేలా ఉన్నాయి.”

పెద్దాయన తల తిప్పాడు. ఒక సందుకు సరిపడా సన్నని ముక్క కోశాడు. రెండు కొసలా మొన తేలిన ముక్క. దాన్ని సందులో దించాడు. పట్టింది. తీసి అల్లుడు పరిచిన వాటిలో ఒక సందులో పెట్టాడు. పట్టింది. గోడ వారనున్న సందులో పెట్టాడు. అక్కడా పట్టింది. అల్లుడు ఆ ముక్క లాక్కుని పిల్లాడిలా నేలంతా పాకుతూ ఒక్కో సందులో పెట్టి తీశాడు. ప్రతిచోటా పట్టింది. పెద్దాయనకు నవ్వు వచ్చింది. పొట్ట కదిలేలా నవ్వాడు.

“చెయ్యి తప్పు కాదురా ఇది. దాని ఆకారమే అంత. నా చేతిలోనూ అంతే, నీ చేతిలోనూ అంతే.”

ఆ ఆఖరి మాట దగ్గర అల్లుడి కళ్లు చెమర్చాయి. సిమెంటు దుమ్ము అన్నట్టు తుడుచుకున్నాడు.

“ఎందుకంటారు మావయ్యా?”

“నన్నడుగుతావేంటి? ఎందుకు మేస్త్రివి నువ్వు కదా.”

భోజనం దగ్గర పెద్దాయన ఉన్నట్టుండి చెయ్యి ఆపి, ఏడు మూలలైతే ఎలా ఉంటుందో అన్నాడు. అల్లుడు కంచం పక్కకు జరపబోయాడు. ముందు నా పొయ్యి లోపలికి రానివ్వండి, ఏడు సంగతి ఆ తర్వాత చూద్దురుగాని అని భార్య ఇద్దరికీ కలిపి ఒకే చీవాటు పెట్టింది. సందులు ఉంటే ఉండనీ, వాటిలో నీలం ముక్కలు వేస్తే బాగుంటుందని కూడా ఆవిడే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆయన సిమెంటు కలిపి గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. మామగారు బోర్లించిన బకెట్ మీద కూర్చుని, నీలం ముక్కలు ఒక్కొక్కటే తుడిచి అల్లుడి చేతికి అందించాడు.